ప్రోలాక్టిన్ 118 వచ్చింది. మెదడులో గడ్డ ఉన్నట్టేనా?

తులసికోట
జనవరి 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నా వయసు 29, పెళ్లయి రెండేళ్లయింది, పిల్లలు లేరు. మూడు నెలలుగా నెలసరి రాలేదు. గర్భం కాదని రెండుసార్లు పరీక్ష చేసి చెప్పారు. పోయిన నెలలో ఒకరోజు ఉతికే బట్టలు వేరు చేస్తుంటే లోదుస్తుల మీద రూపాయి బిళ్లంత మరక కనిపించింది. గంజి ఆరినట్టు గట్టిగా ఉంది. అనుమానం వచ్చి నొక్కి చూసుకుంటే రెండు వైపులా పాల చుక్కలు. ఆ రాత్రి నిద్రపోలేదు.

డాక్టరమ్మ రక్త పరీక్ష రాశారు. థైరాయిడ్ (టీఎస్‌హెచ్) 2.1, బాగానే ఉందన్నారు. పాలకు సంబంధించిన హార్మోన్ ప్రోలాక్టిన్ మాత్రం 118. పక్కన 25 లోపు ఉండాలని అచ్చు వేసి ఉంది. ఇంట్లో ఎవరో ఫోనులో వెతికి "పిట్యూటరీ గడ్డ" అని చదివారు. అప్పటి నుంచి మా అత్తగారు దేవుడి గదిలోంచి బయటికి రావడం లేదు. ఎల్లుండి ఎమ్మారై తీయిద్దామని మావారు అంటున్నారు. ఇది గడ్డేనా? ఇంకేమైనా కారణం ఉంటుందా?

నెలవంక
జనవరి 11, రాత్రి 10:05

అమ్మా, ముందు కాస్త మంచినీళ్లు తాగు. నాకు గడ్డే ఉంది. ఆరేళ్లయింది, మందులతో హాయిగా ఉన్నాను, ఒక పాప కూడా పుట్టింది. నా కథ తర్వాత రాస్తాను. ఈ రెండూ చెప్పు. తలనొప్పి ఉందా? పక్క చూపులో ఏమైనా తేడా తెలుస్తోందా?

తులసికోట
జనవరి 11, రాత్రి 10:12

రెండూ లేవు అక్కా.

మందులకొట్టు
జనవరి 11, రాత్రి 10:31

ఇరవై ఏళ్లుగా మందుల దుకాణం నడుపుతున్నాను. తులసికోట గారూ, రోజూ వేసుకునే మాత్రలన్నీ రాయండి. "ఏమీ వేసుకోవడం లేదు" అనే ముందు గ్యాస్ మాత్ర, వాంతుల మాత్ర, నిద్ర మాత్ర, బరువు తగ్గే పొడి, ఆకు మందు అన్నీ గుర్తు చేసుకోండి. మా దగ్గరికి వచ్చేవారిలో గ్యాస్ మాత్రను మందుగా లెక్కపెట్టేవారు చాలా తక్కువ.

తులసికోట
జనవరి 11, రాత్రి 10:50

నిజమే, గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను, చెప్పాలని తోచలేదు. పొద్దున పరగడుపున ఒకటి. స్ట్రిప్పు వెనక్కి తిప్పి ఫోను లైటు వేసి చదివాను. రాబెప్రజోల్ 20 మిల్లీగ్రాములు, లెవోసల్పిరైడ్ 75 మిల్లీగ్రాములు. డాక్టరు రెండు వారాలకే రాశారు. హాయిగా ఉందని నేనే కొనుక్కుంటూ వచ్చాను. ఐదు నెలలు దాటింది.

మందులకొట్టు
జనవరి 11, రాత్రి 10:58

మీరు రాసిన రెండో పేరు దగ్గరే ఆగండి. అసిడిటీని తగ్గించేది రాబెప్రజోల్. లెవోసల్పిరైడ్ కడుపు కదలికను పెంచడానికి కలిపినది, అది డోపమైన్‌ను అడ్డుకునే మందు. ప్రోలాక్టిన్ పెరగడానికి అదొక్కటే చాలు. మీకు నెలసరి ఆగింది మాత్ర మొదలుపెట్టాకేనా?

తులసికోట
జనవరి 11, రాత్రి 11:03

అవును. మాత్ర మొదలుపెట్టాక రెండుసార్లు వచ్చి, ఆగిపోయింది.

వెంపటిచెట్టు
జనవరి 12, ఉదయం 7:15

డోపమైన్ అంటే ఆనందం కలిగించే రసాయనం కదా? ఫోను ఎక్కువ చూస్తే పెరుగుతుందని వీడియోల్లో చెబుతున్నారు. దానికీ పాలకూ సంబంధం ఏమిటి? ఇంకొకటి, గ్యాస్ మందులు మెదడులోకి వెళ్లవని విన్నాను. మరి పిట్యూటరీ మీద ఎలా పనిచేస్తాయి?

శరీరధర్మం
జనవరి 12, ఉదయం 11:20

ముప్పై ఏళ్లు వైద్య విద్యార్థులకు ఫిజియాలజీ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఈ పాఠం నాకు ప్రాణం. కాస్త పొడవుగా రాస్తాను, ఓపిక పట్టండి.

పీయూష గ్రంథి, అంటే మీరు పిట్యూటరీ అంటున్నదే, బఠాణీ గింజంత ఉంటుంది, బరువు అర గ్రాము. ముక్కు మూలానికి వెనక, పుర్రె అడుగున ఎముకలో చిన్న గుంట ఉంది, అందులో కూర్చుంటుంది. దానికి సరిగ్గా పైన మెదడులోని హైపోథలమస్ అనే భాగం. రెంటినీ కలుపుతూ సన్నని కాడ, ఆ కాడ వెంట దిగే ప్రత్యేక రక్తనాళాలు. హైపోథలమస్ తన ఆజ్ఞలను ఈ నాళాల్లోకి వదులుతుంది. అవి ఒళ్లంతా తిరగకుండా నేరుగా గ్రంథికే చేరతాయి.

పీయూష గ్రంథిలోని మిగతా హార్మోన్లను చెరువు తూముతో పోల్చుకోండి. పైనుంచి ఎవరో వచ్చి తలుపు ఎత్తితేనే నీరు వదులుతుంది. థైరాయిడ్‌ను నడిపే టీఎస్‌హెచ్ అంతే, అండాశయాలను నడిపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అంతే. ప్రోలాక్టిన్ దీనికి పూర్తిగా తిరగబడిన వ్యవహారం. దాని తూముకు నీరు తనంతట తానే తోసుకొస్తుంది. పైనుంచి ఎవరో పగలూ రాత్రీ తలుపు నొక్కి పట్టుకుని ఉండాలి. అలా పట్టుకునేది డోపమైన్. హైపోథలమస్‌లోని కొన్ని నాడీకణాలు దాన్ని ఆ కాడ నాళాల్లోకి ఆగకుండా వదులుతూ ఉంటాయి. ప్రోలాక్టిన్ తయారుచేసే కణాల మీద డీ2 అనే గ్రాహకాలు, అంటే డోపమైన్ వచ్చి అతుక్కునే చోట్లు, ఉన్నాయి. డోపమైన్ వాటిని పట్టుకున్నంతసేపూ స్రావం అణిగి ఉంటుంది.

ఇది ఎలా తెలిసిందో చెప్పకుండా ఉండలేను. 1954లో అమెరికాలో జాన్ ఎవరెట్ అనే శాస్త్రవేత్త ఆడ ఎలుకల పీయూష గ్రంథిని పుర్రె అడుగు నుంచి తీసి వాటి మూత్రపిండం పొర కింద అతికించాడు. రక్తం అందుతుంది, హైపోథలమస్‌తో మాత్రం సంబంధం తెగింది. మిగతా హార్మోన్లన్నీ చల్లబడ్డాయి. అండం విడుదలయ్యాక అండాశయంలో ఏర్పడే పసుపు గ్రంథిని ఎలుకల్లో నిలబెట్టేది ప్రోలాక్టిన్. ఆ పసుపు గ్రంథి మాత్రం నెలల తరబడి చురుగ్గా పనిచేస్తూనే ఉంది! అంటే యజమాని లేకపోతే మిగతా పనులు ఆగుతాయి, ప్రోలాక్టిన్ పని ఆగదు. తర్వాత ఆయన, నికిటోవిచ్-వినర్ కలిసి అదే గ్రంథిని మూత్రపిండం నుంచి తీసి మళ్లీ హైపోథలమస్ కింద అతికిస్తే ఎలుకల రుతుచక్రాలు తిరిగి మొదలయ్యాయి. 1958 మాట ఇది. నేను తరగతిలో ఈ ప్రయోగం చెప్పిన ప్రతిసారీ వెనక బెంచీలు కూడా నిశ్శబ్దమయ్యేవి. ఆ అణచే పదార్థం డోపమైనే అని తేలడానికి 1970లు రావాల్సి వచ్చింది.

వెంపటిచెట్టు గారూ, ఆనందానికి సంబంధించిన డోపమైన్ దారి వేరు, ఈ దారి వేరు. పదార్థం ఒకటే, కణాలు వేరు. ఫోను చూసినందువల్ల పాలు రావు. ఇక మెదడులోకి వెళ్లడం గురించి. రక్తానికీ మెదడుకూ మధ్య ఒక అడ్డుగోడ ఉన్నమాట నిజం. డొంపెరిడోన్ లాంటి మందు ఆ గోడను చాలా తక్కువగానే దాటుతుంది. కానీ పీయూష గ్రంథి గోడకు బయట ఉంది! రక్తంలో తిరిగే ప్రతి మందూ దాన్ని తాకగలదు. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, తులసికోట గారి లెవోసల్పిరైడ్ అన్నీ వెళ్లి డీ2 గ్రాహకాల మీద కూర్చుంటాయి. డోపమైన్ వచ్చినా చోటు దొరకదు. తూము తలుపు వదులైపోతుంది.

గోదారిపాడి
జనవరి 12, మధ్యాహ్నం 2:44

మాస్టారూ, మాకు ఎనిమిది గేదెలున్నాయి. దూడను విడవగానే గేదె చేపుతుంది. దూడ చచ్చిపోతే కొన్ని అసలు చేపవు. కొందరు ఇంజెక్షన్ ఇచ్చి పిండుతున్నారు. ఆ ఇంజెక్షన్ ఈ ప్రోలాక్టినేనా?

శరీరధర్మం
జనవరి 12, మధ్యాహ్నం 3:30

చాలా మంచి ప్రశ్న. కాదండీ. పొదుగులో పాలు తయారుకావడం ఒకటి, తయారైన పాలు చేపుకు రావడం మరొకటి. చేపు తెచ్చేది ఆక్సిటోసిన్. అది పీయూష గ్రంథి వెనక భాగం నుంచి వస్తుంది, ఆ ఇంజెక్షన్ అదే. అది అక్కరకు మించి వాడకూడని మందు, దయచేసి ఆ దారి పట్టకండి. పాల తయారీకి సంబంధించినది ప్రోలాక్టిన్, గ్రంథి ముందు భాగం నుంచి.

తల్లి బిడ్డకు పాలిస్తున్నప్పుడు రెండూ కదులుతాయి. బిడ్డ చీకుతుంటే ఆ స్పర్శ నరాల గుండా వెన్నుపాముకు, అక్కడి నుంచి హైపోథలమస్‌కు చేరుతుంది. ఆక్సిటోసిన్ పాలను వెంటనే బయటికి తోస్తుంది. మరోపక్క డోపమైన్ పట్టు సడలి ప్రోలాక్టిన్ పెరుగుతుంది, తర్వాతి పూటకు పాలు సిద్ధం చేస్తుంది. మన పెద్దవాళ్లు "బిడ్డ తాగినకొద్దీ పాలు పడతాయి" అనేది ఇందుకే.

రాత్రిబండి
జనవరి 12, రాత్రి 8:09

మా అన్న సంగతి రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. లారీ డ్రైవరు, 44 ఏళ్లు. రెండేళ్లుగా మనిషి నీరసంగా, కోరికలు లేకుండా ఉన్నాడు. గడ్డం గీసుకోవడం కూడా తగ్గింది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు తలుపు తీసి దిగబోతూ పక్కనుంచి వచ్చే మోటారు సైకిలు చూడలేదు. అదృష్టం, ఇద్దరికీ గీతలే. కళ్ల డాక్టరు ఒక్కో కన్ను మూసి, వేలు పక్కనుంచి ముందుకు తెస్తూ ఎప్పుడు కనిపిస్తుందని అడిగారు. చెవుల పక్క ఉన్నంతసేపూ అన్నకు ఆ వేలు లేనే లేదు. వెంటనే స్కానింగు. మూడున్నర సెంటీమీటర్ల గడ్డ.

విచిత్రమేమిటంటే మొదట ప్రోలాక్టిన్ 90 అనే వచ్చింది. ఎండోక్రైన్ డాక్టరు నమ్మలేదు. ఇంత గడ్డకు 90 ఏమిటని రక్తాన్ని పలచబరచి మళ్లీ చేయించారు. వేలల్లో వచ్చింది!

శరీరధర్మం
జనవరి 12, రాత్రి 9:00

ఆ డాక్టరుకు నమస్కారం. హార్మోన్ మరీ ఎక్కువగా ఉంటే దాన్ని పట్టుకోవడానికి పరీక్షలో వాడే ప్రతిరక్షకాలన్నీ (యాంటీబాడీలు) దానితో నిండిపోయి, అంకె తప్పుగా తక్కువ వస్తుంది. పెద్ద గడ్డ, చిన్న అంకె కనిపిస్తే ముందు ఈ అనుమానం రావాలి. వేరే రకం గడ్డలు కూడా కాడను నొక్కి డోపమైన్ రాకుండా చేస్తే ప్రోలాక్టిన్ పెరుగుతుంది, అది సాధారణంగా 100 లోపే ఉంటుంది. అలాంటప్పుడు మందులతో గడ్డ కరగదు, శస్త్రచికిత్స అవసరం కావచ్చు. అందుకే ఆ తేడా తెలుసుకోవడం అంత ముఖ్యం.

మగవారిలో నెలసరి లాంటి హెచ్చరిక లేదు. టెస్టోస్టిరాన్ తగ్గి వచ్చే నీరసాన్ని పని అలసట అనుకుంటారు. అందుకే వారిలో గడ్డ పెద్దదయ్యాకే బయటపడుతుంది.

రాత్రిబండి
జనవరి 12, రాత్రి 9:14

ఆపరేషన్ లేకుండానే మందుతో గడ్డ సగానికి పైగా తగ్గింది. చూపు చాలావరకు తిరిగొచ్చింది. లారీ ఎక్కడం మాత్రం మానేశాడు.

పీజీవిద్యార్థిని
జనవరి 13, ఉదయం 6:50

మాస్టారూ, ప్రోలాక్టిన్ పెరిగితే నెలసరి ఎందుకు ఆగాలి? ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ దీన్ని పెంచుతుందని చదివాను. మరి గర్భిణులకు ఈస్ట్రోజెన్ విపరీతంగా ఉంటుంది కదా, వాళ్లకు అప్పుడే పాలు ధారగా రావాలి. ఎందుకు రావు?

శరీరధర్మం
జనవరి 13, ఉదయం 10:15

మూడూ ఒకదానికొకటి ముడిపడినవే, అమ్మాయ్.

ఈస్ట్రోజెన్ తూము దగ్గర నిలబడదు, చెరువులో నీటిమట్టాన్నే పెంచుతుంది. ప్రోలాక్టిన్ కణంలోకి వెళ్లి ఆ జన్యువును ఎక్కువగా చదివిస్తుంది. కణాల సంఖ్యను పెంచుతుంది. పైగా డోపమైన్ మాట ఆ కణం చెవికి సరిగా ఎక్కకుండా చేస్తుంది. గర్భిణిలో పీయూష గ్రంథి మూడో వంతుకు పైగా ఉబ్బుతుంది. నెలలు నిండేసరికి ప్రోలాక్టిన్ 200 దాకా, ఒక్కోసారి అంతకు మించి చేరుతుంది. అది జబ్బు కాదు. కానీ రొమ్ము దగ్గర అదే ఈస్ట్రోజెన్, ముఖ్యంగా గర్భాన్ని నిలబెట్టే హార్మోన్ ప్రొజెస్టిరాన్, పాలు మొదలవకుండా ఆపుతాయి. కాన్పయి మాయ పడగానే ప్రొజెస్టిరాన్ జారిపోతుంది. రెండు మూడు రోజుల్లో పాలు పడతాయి. కాన్పులో విపరీతంగా రక్తం పోయి పీయూష గ్రంథే దెబ్బతిన్న తల్లికి అసలు పాలు పడవు. బాలింత "నాకు పాలు రావడం లేదు, లేవలేకపోతున్నాను" అంటే, కాన్పులో రక్తం ఎంత పోయిందో అడగాలని నా విద్యార్థులందరికీ చెప్పాను. మీకూ చెబుతున్నాను.

ఇక నెలసరి. హైపోథలమస్ జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను దఫదఫాలుగా వదులుతుంది, చక్రం మొదటి సగంలో గంట, గంటన్నరకు ఒకసారి. ఆ లయే ప్రాణం. ఎర్నెస్ట్ నోబిల్ బృందం కోతుల్లో హైపోథలమస్‌లో ఈ హార్మోన్‌ను నడిపే భాగాన్ని దెబ్బతీసి, బయటి నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ ఇచ్చింది. గంటకోసారి ఆరు నిమిషాలు ఇస్తే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ తిరిగొచ్చాయి. అదే మందు ఆపకుండా ఎక్కిస్తే రెండూ పడిపోయాయి! 1978లో ప్రచురించారు. సంతాన చికిత్సలో ఇచ్చే కొన్ని ఇంజెక్షన్లు, ప్రొస్టేట్ క్యాన్సర్‌లో టెస్టోస్టిరాన్‌ను తగ్గించే ఇంజెక్షన్లు ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి.

ఆ లయను నడిపేవి కిస్‌పెప్టిన్ అనే పదార్థాన్ని వదిలే నాడీకణాలు. వాటి మీద ప్రోలాక్టిన్‌కు గ్రాహకాలున్నాయి. ప్రోలాక్టిన్ పెరిగితే ఆ కణాలు మూగబోతాయి, జీఎన్‌ఆర్‌హెచ్ దఫాలు పలచబడతాయి, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గుతాయి, అండం పక్వం కాదు. ప్రోలాక్టిన్ పెంచిన ఎలుకలకు కిస్‌పెప్టిన్ ఎక్కిస్తే అండం విడుదల మళ్లీ మొదలైంది. పాలిచ్చే తల్లికి కొన్నాళ్లు నెలసరి రాకపోవడానికి, తులసికోట గారికి ఆగడానికి దారి దాదాపు ఒకటే.

పీజీవిద్యార్థిని
జనవరి 13, ఉదయం 10:40

ఈస్ట్రోజెన్ ఎల్‌హెచ్‌ను తగ్గిస్తుందని ఒక పేజీలో, పెంచుతుందని మరో పేజీలో ఉంది. పరీక్షలో ఏది రాయాలి?

శరీరధర్మం
జనవరి 13, ఉదయం 11:05

రెండూ రాయాలి, ఎప్పుడు ఏది అన్నది తప్పకుండా రాయాలి. మామూలు మోతాదులో ఈస్ట్రోజెన్ పీయూష గ్రంథిని అణచి ఉంచుతుంది. పక్వమవుతున్న అండకోశం నుంచి అది మిల్లీలీటరుకు 200 పికోగ్రాములు దాటి, దాదాపు రెండు రోజులు అక్కడే నిలబడితే, అదే హార్మోన్ ఎల్‌హెచ్‌ను ఒక్కసారిగా ఉప్పెనలా ఎత్తుతుంది. అండం విడుదలయ్యేది ఆ ఉప్పెనతోనే. తర్వాత ప్రొజెస్టిరాన్ వచ్చి దఫాలను మూడు నాలుగు గంటలకు ఒకటిగా నెమ్మదింపజేస్తుంది. ఎంత ఉంది, ఎంతసేపు ఉంది, ఈ రెండూ కలిస్తేనే హార్మోన్ భాష.

వెంపటిచెట్టు
జనవరి 13, సాయంత్రం 5:30

దూలగొండి గింజల్లో డోపమైన్‌గా మారే పదార్థం ఉందట. పొడి చేసి పాలల్లో తాగితే సహజంగా తగ్గుతుంది కదా?

మందులకొట్టు
జనవరి 13, సాయంత్రం 6:02

ఉన్నమాట నిజమే. దూలగొండిలో లెవోడోపా ఉంది, పార్కిన్సన్ జబ్బుకు ఇచ్చే మందు అదే. అందుకే భయం. ఏ చెంచాలో ఎంత ఉందో ఎవరు కొలిచారు? పైగా ఈమె విషయంలో డోపమైన్ కొరత లేదు, దాన్ని అడ్డుకునే మాత్ర ఉంది. ఆ మాత్రను అలాగే ఉంచి దూలగొండి తాగడం దేనికి?

ఇంకో మాట, ఇది అందరికీ. మానసిక చికిత్సలో వాడే రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ కూడా ప్రోలాక్టిన్‌ను పెంచుతాయి. ఈ చర్చ చదివి ఎవరూ వాటిని సొంతంగా ఆపకండి. జబ్బు తిరగబెడితే ప్రాణం మీదికి వస్తుంది. అరిపిప్రజోల్ లాంటి మందుకు మార్చే వీలుందేమో మానసిక వైద్యులే చూస్తారు. గ్యాస్ మాత్ర విషయంలో కూడా రాసిన డాక్టరుకు చెప్పే ఆపండి.

నెలవంక
జనవరి 13, రాత్రి 9:45

నా మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నాను. నాకు ప్రోలాక్టిన్ 640, గడ్డ 14 మిల్లీమీటర్లు. కాబెర్గోలిన్ అర మాత్ర, వారానికి రెండుసార్లు, రాత్రి అన్నం తిన్నాక. మొదటి వారాలు కడుపులో తిప్పేది. పొద్దున లేచి నిలబడితే కళ్లు తిరిగేవి, మంచం అంచున కాసేపు కూర్చుని లేవడం అలవాటు చేసుకున్నాను. ఈ మందు కూడా డోపమైన్‌లాగే ఆ గ్రాహకాలను పట్టుకుంటుందని మాస్టారి వివరణ చదివాకే అర్థమైంది. ఆరేళ్లుగా మింగుతూ ఎవరినీ అడగలేదు. నాలుగో నెలలో నెలసరి వచ్చింది. గడ్డ ఇప్పుడు 6 మిల్లీమీటర్లు.

తులసికోటా, నీది గడ్డ అయినా భయపడాల్సింది కాదు. కాకపోతే మరీ మంచిది.

తులసికోట
జనవరి 14, మధ్యాహ్నం 1:20

డాక్టరమ్మ దగ్గరికి స్ట్రిప్పు తీసుకెళ్లాను. చూడగానే "ఇది ముందే చూపించి ఉండాల్సింది" అన్నారు. మాత్ర ఆపి, పది రోజుల తర్వాత మళ్లీ ప్రోలాక్టిన్ చేద్దాం, తగ్గకపోతే అప్పుడు ఎమ్మారై అన్నారు. తలనొప్పి గానీ చూపులో తేడా గానీ వస్తే ఆగకుండా రమ్మన్నారు. నిద్ర లేవగానే కాకుండా రెండు గంటలు ఆగి, కాస్త కూర్చున్నాక రక్తం ఇవ్వమన్నారు. మాటిమాటికీ నొక్కి చూసుకోవద్దన్నారు, అది కూడా పెంచుతుందట.

తులసికోట
జనవరి 27, రాత్రి 8:15

ప్రోలాక్టిన్ 17!! నెలసరి ఇంకా రాలేదు, కొన్ని వారాలు చూద్దామన్నారు. చుక్కలు ఆగిపోయాయి. మా అత్తగారు ఇవాళ పరమాన్నం వండారు. మీ అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను.

ఇంకొక సందేహం. మా అమ్మకు 61. ఆమెకు నా మాత్రే బాగుందని నేనే అలవాటు చేశాను. కొన్ని నెలల నుంచి వేసుకుంటోంది. ఆ వయసులో నెలసరి ఉండదు కాబట్టి ఇబ్బంది లేదు కదా?

మందులకొట్టు
జనవరి 27, రాత్రి 8:22

అమ్మగారి చేతులు వణుకుతున్నాయా? నడక నెమ్మదించిందా?

తులసికోట
జనవరి 27, రాత్రి 8:36

సంక్రాంతికి వెళ్లినప్పుడు చూశాను. టీ గ్లాసు సగమే నింపమంటోంది. కుడిచేయి వణికి ఒలుకుతోందని. చెప్పులు ఈడుస్తూ నడుస్తోంది. వయసు అనుకున్నాం.

మందులకొట్టు
జనవరి 27, రాత్రి 8:41

డొంపెరిడోన్‌లా కాదు, లెవోసల్పిరైడ్ మెదడులోకి కూడా వెళ్తుంది. అక్కడ కదలికలను నడిపే డోపమైన్‌ను అడ్డుకుంటే పార్కిన్సన్ లాంటి వణుకు, బిగుసుకుపోవడం వస్తాయి. పెద్ద వయసువారికి ఎక్కువగా. ఆపాక చాలామందికి తగ్గుతుంది, కొందరికి నెలలు పడుతుంది. నరాల డాక్టరుకు చూపించండి. వెళ్లేటప్పుడు స్ట్రిప్పు చేతిలో ఉండాలి.

తులసికోట
జనవరి 27, రాత్రి 8:50

ఇప్పుడే ఫోను చేశాను. రేపటి మాత్ర వేసుకోవద్దని చెప్పాను. పొద్దున మొదటి బస్సుకు బయలుదేరుతున్నాను, డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను.